అరికాలు కూడా చూసుకుందాం

ఇది వేసవి సంచిక కాబట్టి ఎండ గురించి, చర్మం గురించి ఒక ఆరోగ్య పాఠం ఉండాలని సంపాదకవర్గం వారు అనుకున్నారు. మేమిద్దరం డాక్టర్లం కాము. ఆదివారాలు ప్రసాదం కౌంటర్లో మీకు కనబడే దంపతులం, మిగతా వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చుని కోడు రాసుకునేవాళ్ళం. అయినా ఈ పాఠం మేం రాస్తామని ముందుకు రావడానికి ఒక కారణం ఉంది. ముందు అది చెప్పి, తర్వాత పాఠంలోకి వెళతాం.

మూడేళ్ళ క్రితం మా ఇంటి పెద్దాయనకు ఈ గుడిలోనే షష్టిపూర్తి చేశాం. మాలో ఒకరికి ఆయన నాన్నగారు, ఇంకొకరికి మామగారు. మీలో చాలామంది వచ్చారు, పులిహోర బాగుందని కూడా అన్నారు. ఆ రోజు ఆయన పాదాలు ఇత్తడి పళ్ళెంలో పెట్టించి, నీళ్ళు పోసి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పువ్వులు వేసి నమస్కారం చేశాం. ఫోటోలు వందకు పైనే ఉన్నాయి. అన్నిటిలోనూ పాదాల పైభాగమే కనిపిస్తుంది. కుడి మడమ కింద అప్పటికే రూపాయి బిళ్ళలో సగమంత నల్లమచ్చ ఉంది. ఆయనకు తెలుసు, అమ్మకు తెలుసు. పాదపూజ చేసిన మాకు తెలియదు.

ఆయనది ప్రకాశం జిల్లా. పొలం, ఒక చిన్న ఎరువుల కొట్టు చూసుకునే మనిషి. సగం జీవితం చెప్పులు లేకుండా చేలల్లో తిరిగారు. మడమలో ఎప్పుడో తుమ్మముల్లు విరిగింది, ఆ చోటే నల్లబడిందని ఆయన నమ్మకం. తర్వాత అది కాస్త గట్టిపడితే ఆనె అనుకున్నారు. మందుల షాపులో ఆనెకు అంటించే పట్టీ తెచ్చి వేసుకున్నారు. ఊళ్ళో వైద్యం చేసే ఒకాయన బ్లేడుతో పైపైన చెక్కారు కూడా. ఇక్కడి నుంచి తిరిగి వెళ్ళిన ఏడాదికి అది చిట్లి రసి కారడం మొదలైంది. ఆ తర్వాత గజ్జల్లో బిళ్ళ కట్టింది. కాలికి పుండు ఉంటే గజ్జల్లో బిళ్ళ కట్టడం మామూలే కదా అని ఇంకో మూడు నెలలు ఊరుకున్నారు. మేం వారానికి రెండుసార్లు వీడియో కాల్ చేస్తూనే ఉన్నాం. వీడియో కాల్లో మొహమే కదా కనిపించేది.

చివరికి హైదరాబాదులో బయాప్సీ చేశారు. మెలనోమా అన్నారు, అంటే చర్మంలో పుట్టే ఒక రకం క్యాన్సర్. అప్పటికే గజ్జల్లో గ్రంథులకు పాకింది. మడమ కింద కండ తీసి, తొడ దగ్గరి చర్మం తెచ్చి అతికారు. గ్రంథులు తీసేశారు. ఆ తర్వాత ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు. ఇప్పుడు ఊతకర్రతో నడుస్తున్నారు, మూడు నెలలకోసారి స్కాన్. ఆ స్కాన్ ఫలితం వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు.

ఈ వ్యాసం రాయబోతున్నామని ఫోన్లో చెబితే, "నా పేరు వద్దు గానీ, నా మడమ సంగతి మాత్రం వివరంగా రాయండి" అన్నారు.

ఇక పాఠం. చర్మ క్యాన్సర్లలో ముఖ్యంగా మూడు రకాలు. బేసల్ సెల్ అన్నిటికన్నా ఎక్కువ మందికి వచ్చేది. నెమ్మదిగా పెరుగుతుంది, ఇతర భాగాలకు పాకడం అరుదు. స్క్వామస్ సెల్ దానికన్నా కాస్త మొండిది. మూడోది మెలనోమా. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాల్లో పుడుతుంది. మిగతా రెంటికన్నా తక్కువ మందికి వస్తుంది, కానీ చర్మ క్యాన్సర్లతో పోయే ప్రాణాల్లో ఎక్కువ దీనివల్లే. మచ్చ ఎంత వెడల్పు ఉందన్నదానికన్నా ఎంత లోతుకు దిగిందన్నది ఇందులో ముఖ్యం. ఆ లోతును మిల్లీమీటర్లలో కొలుస్తారు. మిల్లీమీటరు లోపల ఉన్నప్పుడు కోసి తీసేస్తే చాలామందికి అంతటితో సరి. అమెరికా లెక్కల ప్రకారం, చర్మం దాటకముందే పట్టుబడితే అయిదేళ్ళ తర్వాత బతికి ఉండేవారు 99 శాతం పైనే. ఊపిరితిత్తులు, కాలేయం వంటి దూరపు అవయవాలకు పాకాక తెలిస్తే అది సుమారు మూడోవంతుకు పడిపోతుంది. జబ్బు ఒకటే, తెలిసిన రోజు వేరు.

"అది తెల్లవాళ్ళ జబ్బు కదా" అని మేం కూడా అనుకునేవాళ్ళం. అందులో నిజం లేకపోలేదు. అమెరికాలో తెల్లవారిలో దాదాపు 33 మందిలో ఒకరికి జీవితకాలంలో మెలనోమా వస్తుందని అంచనా. నల్లజాతివారిలో అది 1000 మందిలో ఒకరికి. చర్మంలో మెలనిన్ ఎక్కువ ఉంటే ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి అది గొడుగులా కాపాడుతుంది. మన చర్మానికీ ఆ మేలు ఉంది. కాబట్టి ఈ వ్యాసం చదివి ఎవరూ బెంబేలెత్తక్కర్లేదు. ఒంటి మీది ప్రతి పుట్టుమచ్చనూ చూసి నిద్ర మానుకోవద్దు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది, మాకు ఆలస్యంగా తెలిసింది అదే. తెల్లవారిలో మెలనోమా ఎక్కువగా ఎండ తగిలే వీపు మీద, కాళ్ళ మీద, మొహం మీద వస్తుంది. ఛాయ ఎక్కువ ఉన్నవారిలో, అంటే ఆఫ్రికా, తూర్పు ఆసియా వారిలోనూ మనలోనూ, వచ్చే కొద్ది మెలనోమాల్లో పెద్ద భాగం ఎండ సోకని చోట పుడుతుంది. అరికాలు, అరచేయి, గోటి కింద, అప్పుడప్పుడు నోటి లోపల. అరికాళ్ళలో, గోళ్ళ కింద వచ్చే ఈ రకాన్ని ఏక్రల్ మెలనోమా అంటారు. దీనికీ ఎండకూ పెద్దగా సంబంధం కనబడదు. బరువు, ఒరిపిడి పడే చోట్ల ఎక్కువగా వస్తుందని కొందరు పరిశోధకులు గమనించారు. సన్‌స్క్రీన్ రాసుకుంటే ఇది ఆగదు. దీనికి ఉన్న రక్ష ఒక్కటే, తొందరగా చూసి పట్టుకోవడం. మనం చూడం, మనవాళ్ళు చూడరు, మనలాంటివారికి అది రాదనుకుంటే డాక్టరు కూడా చూడరు. నల్లజాతివారిలో ఇది తక్కువగా వచ్చినా, వచ్చినవారిలో బతికేవారి శాతం తెల్లవారికన్నా తక్కువగా ఉండటానికి ఈ ఆలస్యం ఒక ముఖ్య కారణం.

గాయకుడు బాబ్ మార్లే పేరు మన పిల్లలకు తెలుసు. 1977లో ఆయన కుడికాలి బొటనవేలి గోటి కింద ఉన్న పుండు ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. అది ఏక్రల్ మెలనోమా. గోరు, దాని కింద కొంత కండ తీసి చర్మం అతికారు గానీ జబ్బు ఒళ్ళంతా పాకింది. 1981 మే 11న మయామీలో చనిపోయేనాటికి ఆయన వయసు 36. ముల్లు గుచ్చుకుందని మా పెద్దాయన అనుకోవడమూ, బంతి తగిలిందని ఆయన అనుకోవడమూ ఒకలాంటివే.

మామూలు పుట్టుమచ్చకూ అనుమానించాల్సిన మచ్చకూ తేడా చెప్పడానికి ఇక్కడి డాక్టర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఏ, బీ, సీ, డీ, ఈ అని గుర్తు పెట్టుకోమంటారు. మన మాటల్లో ఇదీ: మచ్చను మధ్యకు మడిస్తే రెండు సగాలూ ఒకదానికొకటి సరిపోకపోవడం, అంచులు అలుక్కుపోయినట్టో పళ్ళుపళ్ళుగానో ఉండటం, ఒకే మచ్చలో గోధుమ, నలుపు, బూడిద, ఎరుపు రంగులు కలిసి కనబడటం, పెన్సిలు వెనక ఉండే రబ్బరు కన్నా, అంటే 6 మిల్లీమీటర్ల కన్నా పెద్దదవడం, చివరగా మార్పు. మా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ చివరిదే. చిన్నప్పటి నుంచి అలాగే ఉన్న మచ్చ వేరు, నలభయ్యో ఏట కొత్తగా వచ్చి పెరుగుతున్న మచ్చ వేరు. అరికాలి విషయంలో ఇంకో గుర్తు కూడా ఉంది: ఆనె అనో పుండు అనో అనుకున్నది రెండు నెలలైనా మానకపోతే, రక్తం వస్తుంటే, అదేమిటో కచ్చితంగా చెప్పలేకపోతే చూపించాలి. దాన్ని బ్లేడుతో చెక్కడం, పట్టీలు వేసి కాల్చడం మాత్రం వద్దు. కొన్నిసార్లు ఈ జబ్బు నల్లగా ఉండదు, ఎర్రగా కండ పెరిగినట్టు ఉంటుంది. అందుకని రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పుకోకూడదు.

గోళ్ళ దగ్గర కాస్త ఆగుదాం. మనలాంటి ఛాయ ఉన్నవారికి గోటి పొడవునా గోధుమరంగు సన్నగీత ఉండటం సాధారణం. నాలుగైదు వేళ్ళకు అలాంటి గీతలుంటే సాధారణంగా భయపడాల్సింది లేదు. ఒకే వేలికి, ముఖ్యంగా చేతి బొటనవేలికో కాలి బొటనవేలికో, పెద్దయ్యాక కొత్తగా గీత వచ్చినా, అది 3 మిల్లీమీటర్ల కన్నా వెడల్పైనా, గోటి మొదట్లో వెడల్పుగా చివర సన్నగా ఉన్నా, గోరు చీలుతున్నా, నలుపు గోరు దాటి చుట్టూ ఉన్న చర్మం మీదికి పాకినా చూపించాల్సిందే. దెబ్బ తగిలి గోటి కింద రక్తం గడ్డకట్టినా నల్లగానే ఉంటుంది. కానీ ఆ నలుపు గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగిపోతుంది. చేతిగోరు పూర్తిగా మారడానికి సుమారు ఆరు నెలలు, కాలి బొటనవేలి గోటికి ఏడాది పైనే పడుతుంది. ఫోన్లో నెలకో ఫోటో తీసి పెట్టుకుంటే జరుగుతోందో లేదో తెలుస్తుంది. ప్రోగ్రాములో నిన్నటికీ ఇవాళ్టికీ ఏ వరుస మారిందో పక్కపక్కన పెట్టి చూసుకోవడం మాకు రోజూ పనే, ఇదీ అలాంటిదే. ఫోటోలో పక్కన ఒక పైసల బిళ్ళ పెడితే కొలత తెలుస్తుంది. అనుమానం గట్టిగా ఉంటే మాత్రం ఫోటోలు తీస్తూ నెలలు గడపొద్దు.

మన ఆడవారికి ఒక మాట. గోరింటాకు, నెయిల్ పాలిష్, కాళ్ళకు పారాణి, ఇవన్నీ మనకు ఇష్టం, మానమని ఎవరూ అనరు. కానీ గోరింటాకు గోటికి పడితే నెలల తరబడి పోదు. దాని కింద గీత వచ్చినా కనబడదు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకునే ముందు చేతులూ కాళ్ళూ కడుక్కుని, ఇరవై వేళ్ళ గోళ్ళూ, అరచేతులూ, అరికాళ్ళూ వెలుతురులో ఒకసారి చూసుకుంటే రెండు నిమిషాల పని. మెట్టెలు తీసి వేళ్ళ సందులు కూడా చూసుకోవాలి. పాలిష్ తీసి మళ్ళీ వేసుకునే మధ్యలో కూడా అంతే. పిల్లలకు తలంటు పోసేటప్పుడు అమ్మమ్మలు ఒళ్ళంతా నూనె రాస్తూ "ఈ మచ్చ ఎప్పటిదే?" అని అడిగేవారు. ఇక్కడ షవర్ కింద నిలబడి వచ్చేస్తున్నాం, అడిగేవారు లేరు.

మచ్చల సంగతి కాక, మానని పుండ్ల గురించి కూడా చెప్పాలి. కాలిన మచ్చల్లో, ఏళ్ళ తరబడి మానని పుండ్లలో స్క్వామస్ సెల్ క్యాన్సర్ పుట్టవచ్చు. దీనికి మన దేశపు కట్టుబొట్టుతో సంబంధం ఉన్న ఉదాహరణే ఉంది. పంచె బిగించి కట్టే చోట నడుము చర్మంలో వచ్చే క్యాన్సర్ గురించి ముంబైకి చెందిన ప్రసిద్ధ వైద్యులు వి. ఆర్. ఖానోల్కర్ 1945లోనే రాశారు. తర్వాత చీర కట్టే స్త్రీలలో, లంగా బొందు రోజూ ఒకేచోట బిగించడం వల్ల నడుము ఒరుసుకుపోయి పుండై, అది క్యాన్సరైన కేసులు కూడా వైద్య పత్రికల్లో వచ్చాయి. చాలా అరుదు. కానీ ఊళ్ళో అమ్మమ్మకో అత్తయ్యకో నడుము దగ్గర నల్లబడి, పొట్టు లేచి, పుండు మానకపోతే "బొందు ఒరుపు" అని ఊరుకోకూడదు. బొందు వదులుగా కట్టడం, కాస్త పైకీ కిందికీ మార్చి కట్టడం, వెడల్పాటి పట్టీ వాడటం మంచిది. ఇలాంటివి మన పెద్దవాళ్ళు సిగ్గుతో చెప్పరు. ఇంట్లో ఆడవారే అడగాలి.

ఇక ఎండ. అరికాలి మెలనోమాకు ఎండతో సంబంధం లేదన్నామని ఎండను పట్టించుకోనక్కర్లేదని కాదు. ఎండ నుంచి కాపాడుకుంటే మెలనోమా తగ్గుతుందని ఆస్ట్రేలియాలో నిరూపించారు. అక్కడి క్వీన్స్‌లాండ్‌లో నాంబర్ అనే ఊళ్ళో 1992 నుంచి నాలుగేళ్ళకు పైగా 1600 మందికి పైగా పెద్దవారిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టు రోజూ సన్‌స్క్రీన్ రాసుకుంది, రెండో జట్టు తమ ఇష్టం వచ్చినప్పుడు రాసుకుంది. పదేళ్ళ తర్వాత లెక్క చూస్తే రోజూ రాసుకున్నవారిలో 11 మందికి, రెండో జట్టులో 22 మందికి కొత్తగా మెలనోమా వచ్చింది. వారు ఎక్కువగా తెల్లవారు, నిజమే. ఆ లెక్కను యథాతథంగా మనకు అన్వయించలేం. అయితే మన గుడి కుటుంబాల్లో ఇప్పుడు అమెరికన్ అల్లుళ్ళు, కోడళ్ళు ఉన్నారు, తెల్లటి మేనితో పుట్టిన మనవలు ఉన్నారు. బొల్లి ఉన్నవారి తెల్లమచ్చలకు మెలనిన్ గొడుగు ఉండదు, త్వరగా కమిలిపోతాయి. కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధకశక్తిని తగ్గించే మందులు వాడేవారికి చర్మ క్యాన్సర్ ముప్పు మామూలు వారికన్నా చాలా ఎక్కువ. వీరందరికీ ఎండ జాగ్రత్త తప్పనిసరి. మిగతావారికి మంగుమచ్చలు ముదరకుండా ఉండటానికైనా పనికొస్తుంది.

ఎండ ఎప్పుడు తీవ్రంగా ఉందో తెలుసుకోవడానికి ఫోన్లో వాతావరణం చూపే చోటే యూవీ సూచిక ఉంటుంది. 3 దాటితే జాగ్రత్త పడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన టెక్సాస్‌లో జూన్, జులై మధ్యాహ్నాలు అది 10 దాటుతుంది. ఫోను లేకపోతే నీడ చూసుకోండి. మన నీడ మనకన్నా పొట్టిగా ఉంటే ఎండ తీవ్రంగా ఉన్నట్టు. పొద్దున్నే సూర్యనమస్కారాలు చేసే వేళకు నీడ పొడుగ్గా ఉంటుంది, అప్పుడు బెంగ లేదు. చిక్కల్లా మధ్యాహ్నం పిల్లల క్రికెట్ మ్యాచ్‌లకు, ఈత కొలనుకు, రథోత్సవం రోజు పార్కింగ్ లాట్‌లో మూడు గంటలు నిలబడటానికి. టోపీ, పొడుగు చేతుల చొక్కా, గొడుగు, చెట్టు నీడ, వీటి తర్వాతే సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది, రెండు రకాల అతినీలలోహిత కిరణాలనూ ఆపేది ఎంచుకోవాలి. సరిగ్గా రాసుకుంటే 30 అన్నది ఎండ కమిలించే కిరణాలను సుమారు 97 శాతం, 50 అన్నది సుమారు 98 శాతం ఆపుతుంది, కాబట్టి ఎక్కువ అంకె కోసం రెట్టింపు డబ్బు పెట్టనక్కర్లేదు. ఒళ్ళంతటికీ చిన్న కాఫీ గ్లాసులో సగమంతైనా కావాలి, రెండు గంటలకోసారి మళ్ళీ రాసుకోవాలి. మొహం బూడిద పూసినట్టు ఉంటుందని మనవాళ్ళు విసుక్కునే మాట నిజమే. జింక్, టైటానియం ఉన్నవాటితో అలా అవుతుంది. రంగు కలిపినవి దొరుకుతున్నాయి, అవి మన ఛాయకు నప్పుతాయి. విటమిన్ డి తగ్గుతుందేమోనన్నవారు రక్తపరీక్ష చేయించుకుని, తక్కువుంటే డాక్టరు చెప్పిన మాత్ర వేసుకోవడం మేలు.

మా వృత్తి వైపు నుంచి ఒక హెచ్చరిక. మచ్చ ఫోటో తీస్తే క్యాన్సరో కాదో చెబుతామనే యాప్‌లు వచ్చాయి. ఇలాంటి ప్రోగ్రాములకు నేర్పడానికి వాడిన ఫోటోల్లో ఎక్కువ భాగం తెల్లటి చర్మానివి. ముదురు రంగు చర్మం చూపించి పరీక్షిస్తే వాటి ఫలితాలు దిగజారాయని పరిశోధకులు తేల్చారు. చూడని దాన్ని యంత్రం గుర్తుపట్టలేదు. యాప్ "ఏమీ లేదు" అన్నా నమ్మకండి, మీ సాఫ్ట్‌వేర్ పిల్లలు చేసిన యాప్ అయినా సరే.

అనుమానం వస్తే చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళాలి. ఇక్కడ అపాయింట్‌మెంట్‌కు నెలలు పట్టవచ్చు. ఫోన్ చేసినప్పుడు "చర్మం చూపించుకోవాలి" అని ఊరికే అనకుండా, "అరికాలిలో మచ్చ మారుతోంది, పెరుగుతోంది" అని స్పష్టంగా చెప్పండి, ముందు తేదీ ఇచ్చే అవకాశం ఉంటుంది. మీ ఫ్యామిలీ డాక్టరుతో ఉత్తరం రాయించుకుంటే ఇంకా మేలు. గదిలోకి వెళ్ళాక సాక్సు మీరే విప్పండి, చాలాచోట్ల విప్పమని అడగరు. బయాప్సీ అంటే భయం వద్దు. ఆ చోట మత్తు ఇచ్చి చిన్న ముక్క తీస్తారు, అదే రోజు ఇంటికి రావచ్చు. "కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది" అని మా పెద్దాయన కూడా వాదించారు. అలా జరగదు. ఆయనకు పాకింది కత్తి తగలక ముందే.

ఇండియా నుంచి తల్లిదండ్రులు వచ్చినప్పుడు బీపీ, షుగర్ చూపిస్తాం, కళ్ళజోడు మార్పిస్తాం. ఆ జాబితాలో అరికాళ్ళు కూడా చేర్చండి. షుగర్ ఉన్నవారికి పాదాల పుండ్లు కనిపెట్టడానికి కూడా ఇదే పరీక్ష పనికొస్తుంది. వంగలేనివారి పాదాలు ఇంకొకరు చూడాలి. విజిటర్ ఇన్సూరెన్స్ పాలసీల్లో చాలావరకు ముందు నుంచీ ఉన్న జబ్బులకు డబ్బు ఇవ్వవు. అందుకని బయలుదేరే ముందే అక్కడ చూపించుకుని రమ్మనడం తెలివైన పని. వీడియో కాల్లో ఉన్నప్పుడు ఒకసారి ఫోను కిందికి తిప్పి పాదాలు చూపించమని అడగండి. నవ్వుతారు, తిడతారు, చూపిస్తారు.

గుడి కమిటీ వారి అనుమతితో చెప్పుల స్టాండ్ పక్కన బల్ల కింద ఒక అద్దం, పైన ఒక లైటు పెట్టించాం. బల్ల మీద కూర్చుని కాలు చాపితే అరికాలు కనబడుతుంది. గోళ్ళ గీతల బొమ్మలు తెలుగులో ప్రింటు తీసి పక్కనే అంటించాం. లైటు స్విచ్ కుడివైపు ఉంది, పని అయ్యాక ఆపేయండి.